ఇంగ్లీషు వాక్యానికి ఫాలిన్: జరిగిన సంగతి చెప్పడం ఎలా?

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివారం క్లాసులో మన పిల్లలకూ, బయటకు వచ్చిన జవాన్లకూ చెప్పే ఇంగ్లీషు సంగతే సభలో కూడా కాసేపు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను పండితుణ్ణి కాదు. ఇంటర్మీడియట్ చదివి సిపాయిగా భర్తీ అయి, 28 ఏళ్ళు నౌకరీ చేసి సుబేదారుగా ఇంటికి వచ్చినవాణ్ణి. కాకపోతే, తనకు తెలిసింది పక్కవాడికి నేర్పడం ఫౌజులో అందరికీ అలవాటే. ఉస్తాద్ అనిపించుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు, నేర్పే పద్ధతి ఉంటే చాలు. ఆ ధైర్యంతోనే మాట్లాడుతున్నాను.

ఈ మాటలు ఏబీసీడీలు రానివారి కోసం కాదు. ఇంగ్లీషు పేపరు చదివితే అర్థమవుతుంది, ఎదుటివాడు మాట్లాడితే తెలుస్తుంది, తీరా మనం నోరు విప్పితే మాత్రం వాక్యం ముక్కలుముక్కలుగా పడుతుంది. అలా మధ్యలో ఆగిపోయిన వారి కోసం. మనలో నూటికి తొంభై మంది అక్కడే ఉన్నామని నా అంచనా. మనకు మాటలు తక్కువేం కాదు. పరేడ్, గార్డ్, రోల్ కాల్, మూవ్‌మెంట్ ఆర్డర్, అవుట్ పాస్, ఇన్‌స్పెక్షన్, అమ్యూనిషన్, పోస్టింగ్, లీవ్ సర్టిఫికెట్. వీటిని ఇళ్ళల్లో మన ఆడవాళ్ళు కూడా వాడతారు. జవాన్లు అందరూ గ్రౌండుకు వచ్చేశారు, కానీ ఫాలిన్ కాలేదు. మన ఇంగ్లీషు పరిస్థితి అదీ.

అసలు దీని గురించి ఇంత ఎందుకు పట్టించుకోవాలో ముందు చెప్తాను. ఫౌజు నుంచి బయటకు వచ్చిన మనిషి తన గురించి చెప్పుకోవలసిందంతా జరిగిపోయిన సంగతే. ఎప్పుడు చేరాను, ఎక్కడెక్కడ పనిచేశాను, ఏం నేర్చుకున్నాను, ఎంతమందిని నడిపించాను. అంతా భూతకాలమే. జవాను 15 ఏళ్ళకో 17 ఏళ్ళకో పెన్షన్ మీద వచ్చేసరికి 35, 40 మధ్యలో ఉంటాడు. పిల్లలు ఇంకా స్కూల్లో ఉంటారు. రెండో ఉద్యోగం తప్పదు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో చేరిన కుర్రవాళ్ళకైతే నాలుగేళ్ళే సర్వీసు. వారిలో 25 శాతం వరకే రెగ్యులర్ క్యాడర్‌లోకి తీసుకుంటారు. మిగతావాళ్ళు పాతికేళ్ళు నిండీ నిండకుండానే ఇంటర్వ్యూ బల్ల ముందు కూర్చోవాలి. అక్కడ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "వాట్ డిడ్ యూ డూ ఇన్ ది ఆర్మీ?" ఆ ప్రశ్నకు నాలుగు వాక్యాలు వరసగా చెప్పలేకపోతే, మంచులో నిలబడ్డ రాత్రులు, నడిపిన కాన్వాయ్‌లు, కాపాడిన ఆయుధాలు ఇవేవీ ఎదుటివాడికి కనపడవు. చేసిన పని చేతుల్లోనే ఉండిపోతుంది, నోటి దాకా రాదు.

ఇక అసలు పాఠానికి వద్దాం. మొదటిది వరస. "రాముడు రావణుణ్ణి చంపాడు" అనండి. "రావణుణ్ణి రాముడు చంపాడు" అనండి. "చంపాడు రాముడు రావణుణ్ణి" అని హరికథ చెప్పే ఆయన అన్నా మనకు ఇబ్బంది లేదు. ఎందుకని? రావణుడి పక్కన "ణ్ణి" అనే విభక్తి ఉంది. చచ్చినవాడు ఎవరో అది చెప్పేస్తుంది. ఆ మాట వరసలో ఎక్కడ నిలబడ్డా దాని మెడలో గుర్తింపు బిళ్ళ ఉంటుంది.

ఇంగ్లీషులో "రామా కిల్‌డ్ రావణా" అంటాం. అవే మూడు మాటలు తిరగేసి "రావణా కిల్‌డ్ రామా" అంటే రామాయణమే తిరగబడిపోయింది. అక్కడ బిళ్ళ లేదు. నిలబడ్డ చోటే గుర్తింపు. క్రియకు ముందు నిలబడ్డవాడు చేసినవాడు, క్రియ తర్వాత నిలబడ్డవాడు పడినవాడు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో మనలాగే నామవాచకాలకు విభక్తులు ఉండేవి. అవి కాలక్రమంలో చాలావరకు రాలిపోయాయి. హీ, హిమ్ లాంటి కొన్ని మాత్రం మిగిలాయి. విభక్తి పోయిన చోట వరస గట్టిపడింది. అందుకే ఇంగ్లీషువాడు వరస విషయంలో అంత కచ్చితం.

ఇదేదో గ్రామర్ పుస్తకంలో గొడవ అనుకోకండి. మా క్లాసుకు వచ్చే ఒక మాజీ హవల్దారు రిటైరయ్యాక వ్యాను నడుపుతున్నాడు. రోడ్డు పక్కన ఆపి ఉంచిన వ్యానును వెనకనుంచి లారీ వచ్చి గుద్దింది. బీమా ఫారంలో జరిగింది ఇంగ్లీషులో రాయమన్నారు. "మా వ్యానును లారీ గుద్దింది" అని మనసులో అనుకుని, మాటలు వచ్చిన వరసలోనే మధ్యలో క్రియ పెట్టి "అవర్ వ్యాన్ హిట్ ది లారీ" అని రాశాడు. స్పెల్లింగ్ తప్పు లేదు, భూతకాలం తప్పు లేదు. కానీ గుద్దిన నేరం తన నెత్తిమీదే వేసుకున్నాడు! తర్వాత ఫొటోలు చూపించి, మళ్ళీ స్టేట్‌మెంట్ రాసిచ్చి, అది తేలేసరికి రెండు నెలలు పట్టింది. రాయవలసింది "ది లారీ హిట్ అవర్ వ్యాన్". మాటలు అవే, చోటు మారింది. సాక్ష్యం చెప్పేటప్పుడు, గార్డు కమాండర్ రిపోర్టు రాసేటప్పుడు, ఎవరు ఎవర్ని ఏం చేశారన్నది ఈ చోటు మీదే ఆధారపడి ఉంటుంది.

మనకు ఇది ఎందుకు కష్టమవుతుందో కూడా చూడండి. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఫౌజులోకి వచ్చి హిందీ నేర్చుకున్నాం. హిందీలోనూ క్రియ చివరే. "నేను అన్నం తిన్నాను", "మైనే ఖానా ఖాయా". మాటకు మాట మార్చుకుంటే సరిపోయింది, వరస మార్చే పని పడలేదు. పక్క మంచం మీద ఉన్న పంజాబీ, తమిళ, మరాఠీ, బెంగాలీ, నేపాలీ సోదరుల భాషల్లోనూ అంతే. బ్యారక్‌లో అయిదారు భాషలు నేర్చినవాడికి కూడా క్రియను మధ్యలోకి తెచ్చే అలవాటు కాలేదు. కనుక ఇది తెలివితక్కువతనం కాదండీ. ఆ కండరానికి పీటీ జరగలేదు, అంతే.

ఆ పీటీకి నేను అయిదు నంబర్ల పద్ధతి చెప్తాను. ఒకటి: ఎవరు. రెండు: ఏం చేశారు. మూడు: దేన్ని, ఎవరిని. నాలుగు: ఎక్కడ. అయిదు: ఎప్పుడు. మామూలు ఇంగ్లీషు వాక్యం ఈ వరసలోనే నిలబడుతుంది. ఏదైనా నంబరు గైరుహాజరు కావచ్చు, కానీ ఉన్నవాళ్ళు ఈ వరసలోనే ఉంటారు. మనందరికీ తెలిసిన సంగతి తీసుకుందాం. "1971 డిసెంబర్ 16న ఢాకాలో లెఫ్టినెంట్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు." ఇప్పుడు తెలుగు వాక్యానికి గిన్‌తీ కర్ అనండి. 1971 డిసెంబర్ 16న అనేది అయిదు. ఢాకాలో నాలుగు. నియాజీ ఒకటి. లొంగుబాటు పత్రం మీద మూడు. సంతకం చేశాడు రెండు. మన వరస అయిదు, నాలుగు, ఒకటి, మూడు, రెండు. వాళ్ళను ఒకటి నుంచి అయిదు దాకా నిలబెట్టండి: "లెఫ్టినెంట్ జనరల్ నియాజీ సైన్‌డ్ ది ఇన్‌స్ట్రుమెంట్ ఆఫ్ సరెండర్ ఇన్ ఢాకా ఆన్ 16 డిసెంబర్ 1971."

ఇంకొకటి. 2020 జూన్‌లో గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు తన జవాన్లను ముందుండి నడిపించారు, ప్రాణం ఇచ్చారు. మహావీర చక్ర అందుకున్న వీరుడు. ఆయన గురించి మీ మనవడికి ఇంగ్లీషులో చెప్పాలంటే: "కర్నల్ సంతోష్ బాబు లెడ్ హిజ్ మెన్ ఇన్ గల్వాన్ ఇన్ జూన్ 2020." అయిదుగురూ హాజరు. కార్గిల్ సంగతి: "ది ఇండియన్ ఆర్మీ రీక్యాప్చర్‌డ్ టైగర్ హిల్ ఇన్ జూలై 1999." ఇక్కడ నాలుగో నంబరు లేదు. స్వాధీనం చేసుకున్నది టైగర్ హిల్‌నే గనక అది మూడో చోట నిలబడింది.

తెలుగులో "ఎక్కడ" కంటే "ఎప్పుడు" ముందు వస్తుంది, ఇంగ్లీషులో మామూలుగా వెనక్కు పోతుంది. ఆ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కావాలంటే "ఇన్ 1999" అని కాలాన్ని మొత్తం వాక్యానికి ముందు పెట్టవచ్చు. అప్పుడు కూడా మిగతా నలుగురి వరస చెదరదు.

ఒకటో నంబరు ఎప్పుడూ హాజరు కావాలి. తెలుగులో "నిన్న బ్యాంకుకు వెళ్ళాను" అంటే చాలు. "వెళ్ళాను"లోనే నేను ఉన్నాను. వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు అని క్రియే మనిషిని చెప్పేస్తుంది. ఇంగ్లీషులో అందరికీ ఒక్కటే "వెంట్". అది ఎవరి గురించో దానికదిగా చెప్పలేదు. అందుకే "ఎస్టర్‌డే వెంట్ టు బ్యాంక్" అంటే ఎవరు వెళ్ళారని ఎదుటివాడు మన మొహం చూస్తాడు. "ఐ వెంట్ టు ది బ్యాంక్ ఎస్టర్‌డే." దీనిలో మనకు లాభం కూడా ఉంది. ఒక్క రూపం నేర్చుకుంటే ఐ, యూ, హీ, షీ, దే అందరికీ సరిపోతుంది. "వాజ్", "వర్" అనే జంట ఒక్కటే దీనికి మినహాయింపు.

ఇక రెండో పాఠం, భూతకాల రూపం. చాలా క్రియలకు చివర "ఈడీ" చేరుతుంది. రాసేది ఒకటే, పలికేవి మూడు. జాయిన్‌డ్, సర్వ్‌డ్, రిపేర్‌డ్ అన్నప్పుడు చివర డ్. వర్క్, హెల్ప్, పాస్, వాచ్ లాంటి వాటి తర్వాత ట్: వర్క్‌ట్, హెల్ప్‌ట్, పాస్ట్, వాచ్‌ట్. క్రియ చివర అప్పటికే ట్ గానీ డ్ గానీ ఉంటే ఇడ్: రిపోర్టిడ్, పోస్టిడ్, కమాండిడ్. మనది అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి రుచించదు. అందువల్ల మనవాళ్ళు "వర్కెడ్" అని ఒక అచ్చు చేర్చయినా పలుకుతారు, లేదా ఆ చివరి శబ్దాన్ని మింగేస్తారు. అచ్చు చేరిస్తే వినేవాడు సర్దుకుంటాడు. మింగేస్తే మాత్రం అర్థమే మారుతుంది. "ఐ వర్క్ ఇన్ సిగ్నల్స్" అంటే ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నావని అర్థం. అయితే ఇక్కడ ఉద్యోగానికి ఎందుకొచ్చావని అడుగుతారు. ఆ చివరి చిన్న శబ్దంలోనే నీ రిటైర్‌మెంట్ ఉంది.

కొన్ని క్రియలు ఈ యూనిఫారం వేసుకోవు. గో, కమ్, సీ, గెట్, టేక్, మేక్, సే, డూ, హ్యావ్ లాంటివి. రోజూ ఎక్కువగా వాడేవే ఇలా తిరగబడతాయి. వీటిని అక్షర క్రమంలో బట్టీ పట్టకండి, సెక్షన్లుగా విడగొట్టండి. అసలు మారనివి ఒక సెక్షన్: కట్, పుట్, హిట్, షట్, కాస్ట్. "ఆట్" సెక్షన్ ఒకటి: బై-బాట్, బ్రింగ్-బ్రాట్, థింక్-థాట్, టీచ్-టాట్, క్యాచ్-కాట్, మన ఫైట్-ఫాట్. చివర డ్ పోయి ట్ వచ్చేవి: సెండ్-సెంట్, స్పెండ్-స్పెంట్, బిల్డ్-బిల్ట్, లెండ్-లెంట్. లోపలి అచ్చు మారేవి: డ్రైవ్-డ్రోవ్, రైట్-రోట్, బిగిన్-బిగాన్, రింగ్-రాంగ్, గెట్-గాట్. చదవడం అనే "రీడ్" రాసేటప్పుడు మారదు, పలికేటప్పుడు "రెడ్" అవుతుంది. రోజుకు అయిదు చొప్పున నేర్చుకుంటే నెలకు 150. రోజువారీ అవసరానికి అవి ధారాళంగా సరిపోతాయి.

మూడో పాఠం "డిడ్". మన క్లాసులో అందరూ తడబడేది ఇక్కడే. "ఐ డిడ్ నాట్ వెంట్" అంటారు. వెళ్ళలేదు అన్నది జరిగిపోయిన సంగతి గదా, "వెంట్" ఎందుకు రాకూడదు అని వాదిస్తారు కూడా. దీనికి జవాబు మన తెలుగులోనే ఉంది. "వెళ్ళాను" అన్నదానికి వ్యతిరేకం ఏమిటి? "వెళ్ళలేదు". "వెళ్ళానులేదు" అని ఎవరైనా అంటారా? అనరు. లేదు అనే మాట రాగానే "వెళ్ళాను" తన కాలాన్నీ, మనిషినీ వదిలేసి ఉత్త "వెళ్ళ" అయిపోయింది. బరువంతా "లేదు" మోస్తుంది. పైగా నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు, అందరికీ అదే "లేదు". ఇంగ్లీషు "డిడ్ నాట్" సరిగ్గా మన "లేదు" లాంటిదే. అది రాగానే భూతకాలం బరువు తన భుజానికి ఎత్తుకుంటుంది. వెంట్ మళ్ళీ ఉత్త గో అవుతుంది. ఐ డిడ్ నాట్ గో, హీ డిడ్ నాట్ గో, దే డిడ్ నాట్ గో. ఒక పిట్టూను ఇద్దరు మోయరు గదా!

ప్రశ్నలోనూ ఇంతే. తెలుగులో ప్రశ్నకు వరస మారదు. "మీరు లేహ్‌లో పనిచేశారు", "మీరు లేహ్‌లో పనిచేశారా?" చివర దీర్ఘం తీస్తే అయిపోయింది. ఇంగ్లీషులో "డిడ్" ముందుకు వచ్చి గైడు లాగా నిలబడుతుంది: "డిడ్ యూ సర్వ్ ఇన్ లేహ్?" "వేర్ డిడ్ యూ సర్వ్?" జవాబు చెప్పేటప్పుడు ఆ డిడ్ డ్యూటీ అయిపోయింది, దించేయాలి. బరువు మళ్ళీ క్రియ మీదకు వస్తుంది: "ఐ సర్వ్‌డ్ ఇన్ లేహ్." ప్రశ్నలో సర్వ్, జవాబులో సర్వ్‌డ్. ప్రశ్నలో గో, జవాబులో వెంట్. ఈ మార్పిడిని డ్రిల్ లాగా చేయాలి. ఒకరు "వేర్ డిడ్ యూ గో?" అనడం, రెండోవారు వెంటనే "ఐ వెంట్ టు ది క్యాంటీన్" అనడం. "వాట్ డిడ్ యూ బై?" "ఐ బాట్ సోప్ అండ్ టీ." ఆలోచించకుండా వచ్చేదాకా చేయాలి. రైఫిల్ కళ్ళు మూసుకుని విప్పి మళ్ళీ జోడించేదాకా చేయించేవారు కాదూ, అలాగ.

మన ఫౌజీలకు ప్రత్యేకంగా ఉండే తడబాటు ఇంకొకటి ఉంది. ఉత్తర్వుల్లో "వాజ్ పోస్టెడ్", "వాజ్ డిటెయిల్డ్", "వాజ్ ప్రమోటెడ్" అని చదివి చదివి, ఆ వాజ్‌ను అన్నిటికీ తగిలిస్తాం. "ఐ వాజ్ జాయిన్‌డ్ ఆర్మీ", "ఐ వాజ్ వర్క్‌ట్ ఇన్ స్టోర్" అంటాం. దీనికి ఒక పరీక్ష ఉంది. ఆ పని నేను చేశానా, నాకు ఇంకొకరు చేశారా? పోస్టింగ్ మనం వేసుకోలేదు, పైవాళ్ళు వేశారు. "ఐ వాజ్ పోస్టెడ్ టు లేహ్." ప్రమోషన్ వాళ్ళు ఇచ్చారు. "ఐ వాజ్ ప్రమోటెడ్." చేరింది మనమే. "ఐ జాయిన్‌డ్ ది ఆర్మీ." పనిచేసింది మనమే. "ఐ వర్క్‌ట్ ఇన్ ది స్టోర్." ఇంకొకరు చేస్తే వాజ్ ఉంటుంది, మన చేతులతో మనం చేస్తే వాజ్ ఉండదు.

అలాగే "హ్యావ్" కూడా. "ఐ హ్యావ్ రిటైర్‌డ్ ఇన్ 2015" అనకూడదు. తేదీ, సంవత్సరం, నిన్న, పోయిన నెల, అయిదేళ్ళ కింద అని కాలం చెప్పేశామా, ఆ సంగతికి గేటు మూసేసినట్టే. అక్కడ హ్యావ్‌కు అవుట్ పాస్ లేదు. "ఐ రిటైర్‌డ్ ఇన్ 2015." కాలం చెప్పకుండా, దాని ఫలితం ఇప్పటికీ ఉందని చెప్పేటప్పుడు మాత్రం "ఐ హ్యావ్ రిటైర్‌డ్" అనవచ్చు. ఇక "ఐ వాజ్ హ్యావింగ్ ట్వెల్వ్ మెన్ అండర్ మీ" అని మనవాళ్ళు ఇంగ్ తగిలిస్తుంటారు. "ఉండేవాళ్ళు" అన్న తెలుగు మాట అలా లాగుతుంది. "ఐ హ్యాడ్ ట్వెల్వ్ మెన్ అండర్ మీ" అంటే సరిపోతుంది. అలవాటుగా చేస్తుండే పనికి "యూజ్డ్ టు" ఉంది: "ఐ యూజ్డ్ టు చెక్ ది వెపన్స్ ఎవ్రీ మార్నింగ్."

ఇప్పుడు ఇవన్నీ కలిపి ఇంటర్వ్యూకు పనికొచ్చే సర్వీసు కథ కడదాం. ఎనిమిది వాక్యాలు చాలు. ఎంటీ డ్రైవర్‌గా చేసిన ఒక నాయక్ ఉన్నాడనుకోండి. అతను ఇలా చెప్పవచ్చు:

"ఐ జాయిన్‌డ్ ది ఆర్మీ ఇన్ 2006.
ఐ సర్వ్‌డ్ ఫర్ 17 ఇయర్స్.
ఐ డ్రోవ్ హెవీ వెహికిల్స్ ఇన్ లడఖ్ అండ్ సిక్కిం.
ఐ వాజ్ ప్రమోటెడ్ టు నాయక్ ఇన్ 2015.
ఐ ట్రెయిన్‌డ్ యంగ్ డ్రైవర్స్ ఇన్ మై యూనిట్.
ఐ కెప్ట్ ది రికార్డ్స్ ఆఫ్ టెన్ వెహికిల్స్.
ఐ డిడ్ నాట్ హ్యావ్ ఎనీ యాక్సిడెంట్.
ఐ రిటైర్‌డ్ ఇన్ 2023."

ఎక్కడా పెద్ద మాట లేదు. తొమ్మిదో క్లాసు పిల్లవాడికి తెలిసిన మాటలే. కానీ వినేవాడికి మనిషి కనపడతాడు. 17 ఏళ్ళు నిలకడగా పనిచేశాడు, కొండదారుల్లో బండి నడిపాడు, ఇంకొకరికి నేర్పాడు, లెక్కలు రాశాడు. "ఐ యామ్ హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్ సర్" అని పదిసార్లు చెప్పుకున్నా రాని నమ్మకం ఈ ఎనిమిది వాక్యాలతో వస్తుంది. హార్డ్ వర్కింగ్ అని ఎవరైనా చెప్పుకోవచ్చు. "ఐ డ్రోవ్ ఇన్ లడఖ్" అనేది నడిపినవాడే చెప్పగలడు.

ఒక జాగ్రత్త. సివిల్ మనిషికి మన పొట్టి మాటలు తెలియవు. "కోత్ ఎన్‌సీవో" అంటే అతనికి ఏం తెలుస్తుంది? "ఐ లుక్‌ట్ ఆఫ్టర్ ది వెపన్ స్టోర్" అనండి. "వై డిడ్ యూ లీవ్ ది ఆర్మీ?" అని అడిగితే చిన్నబుచ్చుకోకండి. అది అందర్నీ అడిగే ప్రశ్నే. "ఐ కంప్లీటెడ్ మై సర్వీస్" అని తల ఎత్తి చెప్పండి. అందులో డిడ్ దిగిపోయింది, కంప్లీట్ వెనక ఇడ్ వచ్చింది, చూశారుగా!

సాధన సంగతి చెప్పి ముగిస్తాను. రోజుకు 20 నిమిషాలు చాలు, కానీ పీటీ లాగా రోజూ జరగాలి. మొదటి వారం గిన్‌తీ. తెలుగు పేపర్లో అయిదు వార్తా వాక్యాలు తీసుకుని మాటల మీద ఒకటి నుంచి అయిదు దాకా నంబర్లు వేసి, ఆ వరసలో ఇంగ్లీషులో చెప్పండి. రెండో వారం రాత్రి డైరీ. ఆ రోజు చేసిన అయిదు పనులు, చేయని రెండు పనులు. అయిదింటికి భూతకాల రూపం, రెండింటికి డిడ్ నాట్. మూడో వారం జంట డ్రిల్. భార్యాభర్తలు గానీ, తండ్రీకూతుళ్ళు గానీ డిడ్‌తో ప్రశ్న, డిడ్ లేకుండా జవాబు. మా క్లాసులో ఒక చెల్లెమ్మ తన ఆయనను రోజూ సాయంత్రం "వేర్ డిడ్ యూ గో?" అని అడిగి అడిగి ఇద్దరూ నేర్చుకున్నారు. ఇంగ్లీషూ వచ్చింది, ఆయన ఎక్కడికి వెళ్తున్నాడో ఆమెకూ తెలిసింది. నాలుగో వారం మీ ఎనిమిది వాక్యాల సర్వీసు కథ రాసి, పైకి చదివి, ఫోనులో రికార్డు చేసుకుని వినండి. చివరి డ్, ట్ వినపడుతున్నాయో లేదో మీ చెవికే తెలుస్తుంది. నోరు కదపకుండా కళ్ళతో చదివితే మాత్రం ఇది రాదు. గ్యాలరీలో కూర్చుని చూసినవాడికి పరేడ్ రాదు.

మన అక్కచెల్లెళ్ళకు కూడా ఇది తప్పనిసరి అని నా మనవి. ఇంటి మనిషి దూరాన ఉన్నప్పుడు ఆసుపత్రిలో, బ్యాంకులో, పిల్లల స్కూల్లో, రికార్డ్ ఆఫీసుకు పెట్టే అర్జీలో జరిగింది చెప్పుకోవలసింది వాళ్ళే. కర్మగాలి ఆ మనిషే లేకపోతే, ఆయన ఎప్పుడు చేరాడు, ఎక్కడ పనిచేశాడు, ఏం జరిగింది అన్నది కాగితం మీద పెట్టవలసింది కూడా వాళ్ళే. ఆ వేళ ఎవరో రాసిపెట్టిన కాగితం మీద సంతకం చేసేకంటే, అందులో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చదివి తెలుసుకుని సంతకం చేయడం మేలు.

ఇంగ్లీషు వస్తేనే గొప్ప అని నేను అనడం లేదు. మన ఇంట్లో, మన సంఘంలో తెలుగే మాట్లాడుకుందాం. పిల్లలకు తెలుగే ముందు నేర్పుదాం. "వెళ్ళలేదు" అనే మాట తెలిసినవాడికే "డిడ్ నాట్ గో" సులువుగా తెలుస్తుందని ఇప్పుడే చూశాం గదా. మన భాష గట్టిగా ఉన్నవాడికి పక్క భాష లొంగుతుంది.

వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు క్లాసు ఉంది. వచ్చేవాళ్ళు ఒక నోటుబుక్కు, అందులో తమ సర్వీసు గురించి ఎనిమిది వాక్యాలు రాసుకుని రండి. తప్పులున్నా ఫర్వాలేదు, వరసలో మనం నిలబెడదాం.